రైలు పట్టా అతుకులో పరమాణువుల లెక్క

ఖరగ్‌పూర్ రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైన ప్లాట్‌ఫారంగా దానికి పేరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. అంత పొడవునా 13 మీటర్ల పట్టాలు పరిస్తే, ఒక్కో వరుసలో 80కి పైగా అతుకులు వస్తాయి. ఒక్క అతుకు బలహీనంగా ఉన్నా, చలికి పట్టా కుంచించుకున్నప్పుడు అక్కడ విరగవచ్చు.

లైను మీదనే పట్టాలను అతకడానికి వాడే పద్ధతి థర్మిట్ వెల్డింగ్. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో దీనికి పేటెంట్ పొందారు. ఐరన్ ఆక్సైడ్, అల్యూమినియం పొడులు కలిపి మూసలో వెలిగిస్తారు. ఇనుముకన్నా అల్యూమినియం ఆక్సిజన్‌తో గట్టిగా బంధం ఏర్పరుస్తుంది. అందుకే ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. ఆ వేడికి కరిగిన ఇనుము, ముందే వేడిచేసిన పట్టా కొనల మధ్యనున్న అచ్చులోకి జారుతుంది. తేలికైన అల్యూమినియం ఆక్సైడ్ చిట్టెంగా పైకి తేలుతుంది.

మరి ఏ పొడి ఎంత వేయాలి? ఒక ఐరన్ ఆక్సైడ్ అణువుకు రెండు అల్యూమినియం పరమాణువులు కావాలి. కానీ పరమాణువులను లెక్కపెట్టి వేయలేం, తూచగలం. ఇక్కడే పరమాణు ద్రవ్యరాశులు అక్కరకొస్తాయి. కార్బన్-12 పరమాణువులో పన్నెండో వంతును ఒక ప్రమాణంగా తీసుకుంటే ఆక్సిజన్ సుమారు 16, అల్యూమినియం 27, ఇనుము 56. కచ్చితంగా చెప్పాలంటే ఇనుము 55.845. ప్రకృతిలో దొరికే ఇనుము 54, 56, 57, 58 ఐసోటోపుల మిశ్రమం కావడంతో సగటు ఇలా భిన్నంగా వస్తుంది.

ఇక లెక్క సులభం. ఎర్రని ఐరన్ ఆక్సైడ్‌లో రెండు ఇనుము, మూడు ఆక్సిజన్ పరమాణువులు: 112 + 48 = 160. రెండు అల్యూమినియం పరమాణువులు 54. అంటే తూకంలో దాదాపు మూడింటికి ఒకటి. కిలో మిశ్రమంలో 748 గ్రాముల ఆక్సైడ్, 252 గ్రాముల అల్యూమినియం ఉండాలి. దాన్నుంచి 523 గ్రాముల ఇనుము, 477 గ్రాముల చిట్టెం వస్తాయి. మొత్తం మళ్లీ కిలోయే.

సగం సగం కలిపితే? 500 గ్రాముల ఆక్సైడ్‌కు 169 గ్రాముల అల్యూమినియమే చాలు. మిగిలిన 331 గ్రాములు ఇనుములో కలిసి అతుకును పాడుచేస్తాయి. అల్యూమినియం తక్కువైతే వేడి చాలదు, ఆక్సైడ్ మిగిలిపోతుంది. నల్లని ఆక్సైడ్ వాడితే నిష్పత్తి కూడా మారుతుంది: 696 గ్రాములకు 216 గ్రాములు. అసలు ప్యాకెట్లలో వీటికి తోడు ఇనుప ముక్కలు, మాంగనీసు వంటివీ ఉంటాయి. అందుకే పొడిని పట్టాల దగ్గర చేతి అంచనాతో కలపరు. ముందే తూచి సీలు వేసిన ప్యాకెట్‌నే విప్పుతారు.