గొల్లుమన్నది ఎంతమంది?

మొన్న వ్యాసంలో “ఆ తల్లి ఒక్కతే గది మూలన కూర్చుని గొల్లుమంది” అని రాశాను. మేడమ్ గారు ఆ మాట కింద గీత గీసి “ఎంతమంది?” అని మాత్రం రాసి ఇచ్చారు. అప్పుడు కోపమొచ్చింది గానీ, వాడుక గమనిస్తే ఆ ప్రశ్న సరైనదే.

గొల్లుమనడం ఎక్కువగా గుంపు చేసే పని. శవం వాకిట్లోకి రాగానే ఇల్లంతా గొల్లుమంటుంది. చిత్రమేమిటంటే, క్లాసులో ఎవరైనా తప్పు చదివితే మనమంతా గొల్లున నవ్వుతాం కూడా. అంటే ఈ మాటలో ఉన్నది ఏడుపు కాదు, పది గొంతులు ఒక్కసారిగా లేచిన చప్పుడు.

ఒక్క మనిషి దుఃఖానికి ‘బావురుమంది’ ఉంది. మనుషులు లేని ఇంటికీ ఇదే మాట. అక్క పెళ్లయి వెళ్లిపోయాక ఇల్లు బావురుమంటోందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ‘భోరున’ వానకూ ఏడుపుకూ ఒకటే. ‘లబోదిబో’తో మాత్రం జాగ్రత్త! పంట పోయిన రైతుకు పత్రికలు దాన్ని అలవాటుగా తగిలిస్తాయి. నాకైతే అందులో కొంచెం వెటకారం వినిపిస్తుంది.

మాది బీదరు జిల్లా దుబల్గుండి. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనిదే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. కన్నడంలో ‘గొళో’ అని ఏడుస్తారు. ‘గోళు’ అంటే దుఃఖం, మొర. మన ‘గోల’ అంటే అల్లరి. ఒకసారి చావింటి నుంచి వచ్చి “అక్కడంతా గోల” అన్నాను. పక్కింటి కన్నడ అవ్వ అయ్యో అన్నట్టు తలూపింది. నాన్నమ్మ మాత్రం “గోల కాదే, గోడు అను” అని కసిరింది.