బాబు బొద్దు, పాప బక్క: వేరే వంట కావాలా?

ప్రశ్న: మావారు సివిల్స్‌కు చదువుతున్నారు. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒకే గదిలో ఉంటున్నాం. నాలుగేళ్ల బాబు బాగా లావు, రెండేళ్ల పాప బక్కపలచన. ఇద్దరికీ వేరువేరుగా వండాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. తరచూ ఇద్దరి సమస్యకూ మూలం ఒకటే: బిస్కెట్లు, చిప్స్, ప్యాకెట్ జ్యూస్. వీటితో బాబుకు ఒళ్లొస్తుంది, పాపకు ఆకలి చస్తుంది. బొద్దుగా ఉన్నా రక్తహీనత ఉండొచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6 నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి అది ఉందని తేలింది.

ముందు ఆ ప్యాకెట్లు ఇంట్లోకి రానివ్వకండి. పాలు రోజుకు రెండు కప్పులు చాలు. మించితే పాప అన్నం ముట్టదు. ఒకే పాలకూర పప్పు, గుడ్డు ఇద్దరికీ పెట్టండి. పాప ముద్దలో చెంచా నెయ్యి, మెత్తటి పల్లీల పొడి కలపండి. పల్లీలు గింజల్లా ఇస్తే గొంతులో అడ్డుపడతాయి. బాబుకు కూర ఎక్కువ, అన్నం తక్కువ. పస్తు మాత్రం పెట్టకండి, ఎదిగే వయసు. గది ఇరుకే కాబట్టి సాయంత్రం పార్కులో పరిగెత్తనివ్వండి.

అంగన్‌వాడీలో నెలనెలా ఎత్తు, బరువు చూపించండి. పాప జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువున్నా, రెండు పాదాలూ వాచినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. బాబు నిద్రలో గట్టిగా గురకపెట్టినా, మెడ నల్లబడినా పిల్లల డాక్టర్‌కు చూపించండి.