బట్టతల అపవిత్రము కాదు

పాఠ్యభాగము: లేవీయకాండము 13:40–46



లేవీయకాండము 13వ అధ్యాయమును మన కూటములలో చదువువారు అరుదు. 59 వచనముల పొడుగునా మచ్చలు, వాపులు, పొడలు, బట్టలకు పట్టిన తెగులు. వినుటకే విసుగు పుట్టును. అయితే ఆ వరుస నడుమ 40, 41 వచనములయొద్ద ఆగవలెను. నడినెత్తిన గాని నుదుటిపై గాని జుట్టు రాలినవాడు బట్టతలవాడే, అతనిలో అపవిత్రత లేదని అక్కడ తీర్పున్నది. ఆ చోట ఎఱ్ఱని ఛాయగల పొడ పుట్టినయెడల మాత్రమే కుష్ఠును గూర్చిన విచారణ.

ఇంత చిన్న సంగతి ధర్మశాస్త్రమున కెందుకని అడుగుదురేమో. కుష్ఠరోగియని తీర్పు పొందినవాడు పాళెము వెలుపల ఒంటరిగా నివసింపవలెను (46వ వచనము). కావున జుట్టు రాలినవానిని ఇరుగుపొరుగువారు అనుమానముతో వెలివేయకుండ ఈ రెండు వచనములు అడ్డుగోడగా నిలిచినవి.

మన సంగతి చూతము. గండిమైసమ్మ చౌరస్తాలో బస్సు దిగువారిలో తిరుపతి పోయి వచ్చినవారిని గుండు చూచియే గుర్తుపట్టుదుము. అది మ్రొక్కు చెల్లించిన గుండు. దానిని చూచి ఎవరును నవ్వరు. అక్కడ తీసిన తలనీలాలను దేవస్థానమువారు వేలము వేయగా, అవి సవరములై దేశదేశముల తలలకెక్కుచున్నవి. అయితే ముప్పదేండ్ల పిల్లవానికి జుట్టు తనంతట రాలినయెడల పెండ్లిచూపులలో గుసగుసలు, స్నేహితులలో ఎగతాళి. తండ్రి తాతల పోలికగా వచ్చినదానికి వాడేమి చేయును?

మన భాషయు ఈ విషయమున దయ చూపలేదు. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన పిమ్మట బోడి మల్లయ్య అందుము. పనికిరాని సలహా బోడి సలహా. ఈ మాట అందరికంటె ఎక్కువ గాయపరచినది విధవలను. పూర్వము బ్రాహ్మణాది కులములలో భర్త పోయిన చిన్నదాని తల గొరిగించి మూల కూర్చుండబెట్టెడివారు. అట్టి కాలమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహము జరిపించిరి.

ఇశ్రాయేలీయులలోను గొరిగిన తల దుఃఖమునకు గురుతు. బిడ్డలు పోయిన దినమున యోబు తల గొరిగించుకొనెను (యోబు 1:20). బేతేలు త్రోవలో ఎలీషాను బోడివాడా అని వెక్కిరించిన సంగతి మీరెరుగుదురు (2 రాజులు 2:23). ఎలుగుబంట్ల మాట చెప్పి పిల్లలను బెదరించుట నాకు సమ్మతము కాదు గాని, పెద్దల నోట వినని మాట పిల్లలు పలుకుదురా?

ఇప్పుడు మన సంఘములలో మరియొక తల కనబడుచున్నది. క్యాన్సరునకు మందు ఎక్కించుకొనుటచే జుట్టంతయు రాలిన సహోదరి. ఆమె రోగమునకు భయపడినదానికంటె ఆదివారమున పదిమంది కన్నులకు ఎక్కువ భయపడును. ఆ జుట్టు చికిత్స ముగిసిన కొన్ని నెలలకు చాలమందికి మరల మొలుచును. ఈ మాట ఆమెకు తెలియకపోవచ్చును, చెప్పుడి. ఏ పాపము చేసెనో అను మాట మీ ఇంట పుట్టనియ్యకుడి. రెండు మూడు ఆదివారములు ఆమె రానియెడల సంఘ స్త్రీలు ఇద్దరు ఇంటికి పోయి తోడుకొని రండి. చాపమీద తమ నడుమ కూర్చుండబెట్టుకొనుడి. కొంగు జారినను సరిచేయుమని సైగ చేయవద్దు.