పొత్తు నిలిచే తీరు: సాంకేతిక సంస్థల స్థాపకుల జీవితాలు, ఒక పరిశీలన

పొత్తు వ్యవహారాన్ని గూర్చి మన భాషలలో మంచిమాటలు తక్కువ. "సాఝే కీ హండియా చౌరాహే పర్ ఫూట్‌తీ హై" అని హిందీలో ఒక సామెత ఉన్నది. నలుగురూ కలిసి కొన్న కుండ చివరకు నాలుగు వీధుల కూడలిలో, అందరూ చూస్తుండగానే పగులుతుందని దాని భావం. తెలుగువారు "పొత్తుల మగడు పుచ్చి చచ్చెను" అన్నారు. పదిమందికీ చెందినదానిని ఏ ఒక్కరూ తమదిగా పట్టించుకోరని ఈ సామెత హెచ్చరిస్తున్నది. మొదటిది కలహాన్ని గూర్చి చెబుతున్నది. రెండవది ఉపేక్షను గూర్చి చెబుతున్నది. ఉమ్మడి వ్యవహారాలను చెడగొట్టే దోషాలు ముఖ్యంగా ఈ రెండే.

అయినను నేడు మన దేశంలో వేలాది యువకులు, యువతులు ఇద్దరుగా, ముగ్గురుగా కలిసి సాంకేతిక సంస్థలను నెలకొల్పుతున్నారు. వారిలో అనేకులకు మూలధనం స్నేహమే. కేవలం స్నేహంపై సంస్థ నిలుస్తుందా? నిలవడానికి మరేమి కావాలి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి మన దేశపు అనుభవంలోనే చక్కని ఉదాహరణలున్నవి. వాటిలో మొదట పేర్కొనదగినది ఇన్ఫోసిస్.

ఏడుగురు మిత్రులు, పదివేల రూపాయలు

1981లో ఏడుగురు ఇంజినీర్లు కలిసి పుణెలో ఈ సంస్థను స్థాపించారు. వారు శ్రీ ఎన్.ఆర్. నారాయణమూర్తి, శ్రీ నందన్ నీలేకని, శ్రీ ఎస్. గోపాలకృష్ణన్, శ్రీ ఎస్.డి. శిబూలాల్, శ్రీ కె. దినేశ్, శ్రీ ఎన్.ఎస్. రాఘవన్, శ్రీ అశోక్ అరోరా. అందరూ అంతకుముందు పట్నీ కంప్యూటర్ సిస్టమ్స్‌లో సహోద్యోగులు. తొలి పెట్టుబడి 10,000 రూపాయలు. నారాయణమూర్తిగారి భార్య శ్రీమతి సుధామూర్తి తాను పొదుపు చేసుకున్న సొమ్ములో నుండి ఇచ్చినది.

ఈ ఏడుగురూ ఒకే ఊరివారు కారు, ఒకే భాషవారు కారు. నారాయణమూర్తి కర్ణాటకలోని శిడ్లఘట్టలో జన్మించి, మైసూరులోను, కాన్పూరు ఐ.ఐ.టి.లోను చదివారు. గోపాలకృష్ణన్, శిబూలాల్ కేరళీయులు. నీలేకని బెంగుళూరులో పుట్టిన కొంకణి భాషీయులు, బొంబాయి ఐ.ఐ.టి. పట్టభద్రులు. రాఘవన్ విద్యుత్ ఇంజినీరింగు చదివినది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. ఇంటి భాషలు వేరైనా వారి పని భాష ఒకటే. తర్కము, గణితము, గడువు అనే మూడింటినీ వారు ఒకే విధంగా అర్థం చేసుకున్నారు. భిన్న ప్రాంతాలవారి ఐకమత్యం ఉపన్యాసాలతో ఏర్పడదు, కలిసి ఒక పనిని పూర్తి చేయడంలో ఏర్పడుతుంది అనడానికి ఇది నిదర్శనం.

పని విభజన

ఉపేక్ష అనే దోషానికి మందు పని విభజన. ఎవరి పని ఏదో తేలిననాడు "అది నా బాధ్యత కాదు" అనే మాటకు తావుండదు. నారాయణమూర్తి తమ పాత ఉద్యోగంలో చేపట్టిన పనిని పూర్తి చేసి రావడానికి సుమారు ఏడాది పట్టింది. అందువలన సంస్థలో మొదటి ఉద్యోగిగా నమోదయినవారు రాఘవన్. నాయకులైన నారాయణమూర్తి నాలుగవవారు. పాత యజమానికి ఇచ్చిన మాటను మధ్యలో విడువకుండుట కొత్త సంస్థకు కూడా మంచి ఆరంభమే.

తొలి ఖాతాదారు న్యూయార్కులోని డేటా బేసిక్స్ కార్పొరేషన్. ఆ సంస్థ పనికై మిగిలిన స్థాపకులు అమెరికాకు వెళ్లగా, నారాయణమూర్తి ఇక్కడ ఉండి సంస్థ వ్యవహారాలను చూసుకున్నారు. ఆ రోజులలో ఒక టెలిఫోనుకు ఏడాదికి పైగా వేచి ఉండవలసి వచ్చేదని, ఒక కంప్యూటరు దిగుమతికి రెండేళ్లకు పైగా ఢిల్లీ చుట్టూ తిరగవలసి వచ్చిందని ఆయన అనేక సందర్భాలలో చెప్పారు. 1983లో సంస్థ బెంగుళూరుకు తరలింది. కాలక్రమంలో నీలేకని విక్రయాలను, రాఘవన్ సిబ్బంది వ్యవహారాలను, దినేశ్ పని నాణ్యతను, గోపాలకృష్ణన్, శిబూలాల్ సాంకేతిక బాధ్యతలను వహించారు. ఒకరి శాఖలో మరొకరు సలహా చెప్పవచ్చును గాని, తుది నిర్ణయం ఆ శాఖ వహించినవారిదే అయినప్పుడు పని సాగుతుంది.

ఇంటివారి వాటా

స్థాపకుల చరిత్రలలో సాధారణంగా మరుగున పడే విషయం ఒకటి ఉన్నది. సంస్థ పత్రాలలో పేరు లేకపోయినా, ఇంటివారు కూడా అందులో భాగస్వాములే. వారు పెట్టే పెట్టుబడి కాలము, నిద్ర, భద్రత.

తొలి రోజులలో పుణెలో అప్పు చేసి కొన్న తమ చిన్న ఇల్లే సంస్థ కార్యాలయం కూడా అయిందని సుధామూర్తి వ్రాశారు. వంట, గుమాస్తా పని, ప్రోగ్రాముల రచన ఆమెవే. ఇల్లు గడవడానికి వాల్‌చంద్ సంస్థలలో ఉద్యోగం కూడా చేశారు. 1983లో హుబ్బళ్లిలో కుమారుడు పుట్టిన పది రోజులకు భర్త పని మీద అమెరికాకు వెళ్లి, ఏడాది వరకు తిరిగి రాలేదు. టెల్కోలో చేరిన తొలి మహిళా ఇంజినీరుగా ప్రసిద్ధి పొందిన ఆమె, ఇన్ఫోసిస్‌లో చేరదగిన అర్హతలన్నీ కలవారు. కాని భార్యాభర్తలిద్దరూ ఒకే సంస్థలో ఉండరాదని నారాయణమూర్తి పట్టుబట్టినందున ఆమె వెలుపలే ఉండిపోయారు. ఆ నియమం మిగిలిన స్థాపకుల నమ్మకాన్ని కాపాడింది. కాని దాని మూల్యాన్ని చెల్లించినది ఒక స్త్రీ. నియమాలను మెచ్చుకొనేటప్పుడు, వాటి భారం ఎవరిపై పడుతున్నదో చూడడం కూడా న్యాయం. ఉమ్మడి సంస్థను తలపెట్టేవారు తమతోపాటు తమ ఇంటివారు కూడా ఎన్ని నెలలు జీతం లేకుండా గడపగలరో వారినే అడిగి తెలుసుకోవలెను.

పరీక్షాకాలం

సంస్థకు ఎనిమిదేళ్లు నిండేసరికి పరీక్షాకాలం వచ్చింది. 1989లో అశోక్ అరోరా సంస్థను విడిచి వెళ్లారు. ఆయన నిర్ణయాన్ని పిరికితనంగా చూడరాదు. ఎనిమిదేళ్లు కష్టపడిన మీదట కూడా సంపాదన అంతంతమాత్రంగానే ఉన్న కాలమది. తోటి ఇంజినీర్లు విదేశాలలో స్థిరపడి సుఖంగా ఉన్నారు. తన జీవితాన్ని గూర్చి తాను వేరే నిర్ణయం చేసుకొనే హక్కు ప్రతి భాగస్వామికీ ఉన్నది. ఆయన నిష్క్రమణ కూడలిలో పగిలిన కుండ కాలేదు, సంస్థ చీలిపోలేదు.

మరుసటి ఏడు, 1990లో, సంస్థను పది లక్షల డాలర్లకు అమ్మివేయవచ్చునన్న ప్రస్తావన వచ్చింది. స్థాపకులలో అయిదుగురు బెంగుళూరు కార్యాలయంలో సమావేశమయ్యారు. దాదాపు నాలుగు గంటల సేపు పడిన బాధలను గూర్చి, రాబోయే కష్టాలను గూర్చి చర్చ సాగింది. నారాయణమూర్తి అంతవరకు ఒక్కమాట కూడా మాట్లాడలేదు. చివరకు, అందరికీ అమ్మడమే ఇష్టమైతే వారి వాటాలన్నీ తానే కొంటానన్నారు. అప్పుడు ఆయన చేతిలో చిల్లిగవ్వ లేదు. గదిలో నిశ్శబ్దం అలముకొన్నది. గంట తరువాత మిగిలినవారు తమ అభిప్రాయం మార్చుకొన్నారు. 2007లో న్యూయార్కులో చేసిన ప్రసంగంలో ఈ వృత్తాంతాన్ని ఆయనే వివరించారు.

ఈ సన్నివేశంలో ధైర్యం ఒక్కటే చూస్తే పాఠం సగమే తెలిసినట్లు. నాయకుడు నాలుగు గంటలు మౌనంగా విన్నారు. సందేహం చెప్పినవారిని ఎవరూ ద్రోహులనలేదు. వెళ్లదలచినవారికి వాటా విలువ దక్కే మార్గం కూడా ఆయన మాటలోనే ఉన్నది. అందుచేతనే మిగిలినవారు నిలిచారు. వెళ్లడానికి గౌరవమైన దారి ఉన్న చోటనే ఉండడానికి మనసు ఒప్పుతుంది.

1991 ఆర్థిక సంస్కరణల తరువాత పరిస్థితి మారింది. 1993లో సంస్థ ఒక్కొక్క వాటాను 95 రూపాయలకు ప్రజలకు విక్రయింపబూనగా, పూర్తిగా కొనేవారు లేక మోర్గాన్ స్టాన్లీ సంస్థ 13 శాతం వాటాలను తీసుకొన్నది. 1999 మార్చిలో, భారతదేశంలో నమోదై అమెరికాలోని నాస్‌డాక్ విపణిలో స్థానం పొందిన మొదటి సంస్థగా అది పేరు గడించింది.

పదవి చేతులు మారుట

కుర్చీ కొరకు కలహం పుట్టడం ఉమ్మడి సంస్థలలో సాధారణం. ఇక్కడ 2002లో నారాయణమూర్తి నుండి నీలేకనికి, 2007లో గోపాలకృష్ణన్‌కు, 2011లో శిబూలాల్‌కు ముఖ్య కార్యనిర్వాహక పదవి వరుసగా సంక్రమించింది. రాఘవన్ 2000లోనే స్వచ్ఛందంగా విరమించి, కొత్త పారిశ్రామికులకు చేయూతనివ్వడంలో నిమగ్నులయ్యారు. బెంగుళూరు ఐ.ఐ.ఎం.లో ఆయన పేర ఒక కేంద్రం ఇప్పటికీ నడుస్తున్నది.

అయితే చరిత్ర అంతా నున్నగా సాగలేదు. 2013లో నారాయణమూర్తి తిరిగి వచ్చి, 2014లో మరల తొలగారు. స్థాపకుడు కాని మొదటి కార్యనిర్వాహకాధికారి శ్రీ విశాల్ సిక్కాకు, స్థాపకులకు అభిప్రాయభేదాలు బహిరంగమై, 2017లో సిక్కా వైదొలిగారు. నీలేకని అధ్యక్షులుగా తిరిగి రావలసి వచ్చింది. పెంచిన చేతులకు వదలడం ఎంత కష్టమో దీనివలన తెలుస్తున్నది. ఎప్పుడు ఆరంభించాలో ఏడుగురూ కలిసి నిర్ణయించగలిగారు గాని, ఎప్పుడు పూర్తిగా తప్పుకోవాలో నిర్ణయించడం అంత సులభం కాలేదు.

ముగ్గురు తెలుగు మిత్రులు

తరువాతి తరంలో మనవారి ఉదాహరణ ఒకటి. 2005 దీపావళికి బెంగుళూరు నుండి ఇంటికి రావడానికి బస్సు టిక్కెట్టు దొరకని శ్రీ ఫణీంద్ర సామా, పిలానీ బిట్స్‌లో తమతో చదివిన శ్రీ సుధాకర్ పసుపునూరి, శ్రీ చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో రెడ్‌బస్ సంస్థను ప్రారంభించారు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నవో ప్రయాణికునికి ఒకచోట తెలియకపోవడమే వారు గుర్తించిన లోపం. 2013లో ఆ సంస్థను ఐబిబో వర్గం కొన్నది. 1990లో ఇన్ఫోసిస్ స్థాపకులు అమ్మకూడదని నిర్ణయించారు. ఈ మిత్రులు అమ్మారు. అమ్మకం ఓటమి కాదు. కలిసి ఆరంభించినట్లే కలిసి ముగించడం కూడా పొత్తులో ఒక నేర్పు.

ముందుగా వ్రాసుకోవలసినవి

మన 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు భాగస్వాములందరికీ లాభనష్టాలలో సమాన వాటా. రాత్రింబవళ్లు పనిచేసినవానికి, ఆదివారం మాత్రమే వచ్చి పోయేవానికి కూడా అంతే. అప్పులకు ప్రతివారి సొంత ఆస్తీ పూచీ పడుతుంది. కంపెనీగా గాని, 2008 చట్టం క్రింద పరిమిత బాధ్యత గల భాగస్వామ్యంగా గాని నమోదైతే ఈ రెండవ భయం తగ్గుతుంది. కాని మొదటి చిక్కు వ్రాతపూర్వకమైన ఒప్పందంతోనే తీరుతుంది.

ఆ ఒప్పందంలో కనీసం నాలుగు విషయాలు ఉండవలెను. ఒకటి, ఎవరి పని ఏది, ఏ విషయంలో తుది మాట ఎవరిది. రెండు, వాటాలు ఎంతెంత, అవి ఎప్పుడు చేతికి వస్తాయి. ఈనాడు అనేక సంస్థలలో వాటాలు నాలుగేళ్లలో విడతలుగా దక్కుతున్నవి. మొదటి ఏడు నిండకుండా వెళ్లినవారికి ఏమీ రాదు. మూడు, మధ్యలో వెళ్లేవారి వాటాకు వెల కట్టే విధానం. నాలుగు, బంధువుల నియామకం, జీతాలు, ఇంటి ఖర్చుల విషయంలో అందరికీ వర్తించే నియమం.

స్నేహితుల మధ్య కాగితాలెందుకని కొందరు మొగమాటపడతారు. నమ్మకం లేక వ్రాసుకొనే కాగితం కాదిది. కలహం వచ్చిననాడు స్నేహాన్ని కాపాడే కాగితం. వ్రాయడానికి తగిన సమయం ఆదాయం లేని మొదటి నెల. పంచుకోవడానికి ఏమీ లేనప్పుడు మనుషులు న్యాయంగా పంచుకోగలరు.

సామెతలు అబద్ధం కావు. పొత్తు కుండలు పగిలినవి కనుకనే అవి పుట్టినవి. కాని కుండను ఎవరు ఎప్పుడు మోయవలెనో, అలసినవారు దానిని ఎవరి చేతికి అందించవలెనో బయలుదేరకముందే అనుకొన్నవారు ఎన్నో కూడళ్లను దాటినారు. అట్లు దాటినవారిలో కన్నడిగులు, మలయాళీలు, కొంకణులు, తెలుగువారు ఉన్నారన్నది మనం గుర్తుంచుకోవలసిన విషయం.