రోగి పలుకు విన్న వైద్యురాలు

క్యాన్సరు ముదిరి, నయము కాదని తేలిన పిమ్మట వైద్యుడు చేయదగినది ఏమైన కలదా? కలదని లోకమునకు చూపిన వైద్యురాలు సిసిలీ సాండర్సు.

ఆమె 1918లో ఇంగ్లండునందు జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున నర్సుగా శిక్షణ పొందెను. వెన్నునొప్పిచే ఆ వృత్తిని విడువవలసి వచ్చెను. కాని రోగులను విడువలేదు. ఆసుపత్రిలో రోగుల కష్టసుఖములు విచారించు ఉద్యోగమున చేరెను. పిదప వైద్యశాస్త్రము నభ్యసించి, 1957లో వైద్యురాలయ్యెను.

మరుసటి యేట లండనులోని సెయింట్ జోసెఫ్స్ హాస్పిస్‌లో ఆమె పరిశోధన ఆరంభించెను. మరణము సమీపించిన రోగులకు సేవచేయు చోటును హాస్పిస్ అందురు. ఆ దినములలో అనేక ఆసుపత్రులయందు నొప్పి భరింపరానిదైనపుడే మార్ఫిను నిచ్చుచుండిరి. రోగి మందునకు బానిస యగునని వైద్యుల భయము. నొప్పి తగ్గినను మరల వచ్చునను భయముతో రోగి కాలము గడుపుచుండెను. సాండర్సు నొప్పి తిరుగబెట్టక మునుపే, నాలుగు గంటల కొకసారి మందు నిప్పించెను. వందలకొలది క్యాన్సరు రోగుల స్థితిని శ్రద్ధతో వ్రాసి యుంచెను. నొప్పి అణగెను, తెలివి మందగింపలేదు. రోగులు తమవారితో మాటలాడగలిగిరి.

బాధ యేమని అడుగగా ఒక రోగిణి వెన్నునొప్పితో ప్రారంభించి, తనకొరకు భర్తయు కుమారుడును పని మానవలసి వచ్చునని చింతించెను. శరీరబాధతో మనోవేదనయు, కుటుంబచింతయు, ఆత్మక్షోభయు పెనవేసికొని యుండునని సాండర్సు గ్రహించి, దానికి 'సంపూర్ణ వేదన' అని పేరిడెను.

1967లో ఆమె లండనున సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించెను. 2005లో అచటనే కన్నుమూసెను. రోగి ఎన్ని దినములు జీవించెనను ప్రశ్నతోపాటు, ఆ దినములు ఎట్లు గడచెనను ప్రశ్నకును వైద్యశాస్త్రమున చోటు లభించినది.