గురిగిలో మొలక

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను పెద్దలు పిల్లల నడవడికను గురించి చెబుతుంటారు. మొక్కకూ పసివానికీ ఉన్న పోలికను మన పూర్వులు ఏనాడో గుర్తించారనడానికి ఈ సామెతే సాక్ష్యం. అయితే ఆ పోలిక మాటలకే పరిమితమై, మొక్కను పసివాని చేతికి అందించే పని తరచుగా వెనుకబడిపోతుంది. వేరు, కాండం, ఆకు, పువ్వు అన్న మాటలను ప్రాథమిక పాఠశాలలోని పిల్లలు బొమ్మ చూసి వల్లె వేస్తారు. విత్తనం నేలను చీల్చుకొని తలెత్తే క్షణాన్ని కళ్ళారా చూసే అవకాశం అందరికీ దొరకదు. ఈ లోటును తీర్చే తేలికైన మార్గం కుండీలలో మొక్కల పెంపకం.

ఈ ఆలోచన కొత్తది కాదు. జర్మనీ దేశపు విద్యావేత్త ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బర్గ్‌లో పసిపిల్లల కోసం ఒక విద్యాలయాన్ని నెలకొల్పాడు. 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టాడు. ‘పిల్లల తోట’ అని ఆ మాటకు అర్థం. అది అలంకారంగా పెట్టిన పేరు మాత్రమే కాదు. అక్కడ పిల్లలు సాగుచేసుకోవడానికి నిజంగానే చిన్న చిన్న మడులుండేవి. మన దేశంలో 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసదస్సులో గాంధీజీ చేతిపని ద్వారా చదువు సాగాలని ప్రతిపాదించారు. బడిలోని చదువును బడి వెలుపలి జీవితంతో ముడిపెట్టాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం సూచించింది. పాఠశాలలలో పోషకాహార తోటలను పెంచాలని, నేల లేనిచోట డాబాల మీద కుండీలలోనైనా కూరగాయలు పండించవచ్చని 2019లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలు వెలువరించింది.

ఉత్తర తెలంగాణ ప్రజలకు కుండీ సేద్యం పరాయి విద్య కాదు. ఇంటి ముంగిట తులసికోట ఉంటుంది. పగిలిన గోలెంలో బచ్చలి తీగ, పాత కుండలో పుదీన పెరుగుతాయి. లంబాడా తండాలలో శ్రావణ మాసంలో జరిగే తీజ్ పండుగ ఇందుకు చక్కని నిదర్శనం. పెళ్ళికాని ఆడపిల్లలు చిన్న చిన్న బుట్టలలో పుట్టమన్ను నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నియమంగా నీళ్ళు పోసి, పాటలు పాడుతూ ఆ నారును పెంచుతారు. నారు ఎంత ఏపుగా ఎదిగితే అంత శుభమని వారి నమ్మకం. ఇంటివద్ద ఇంత విద్య ఉన్న పిల్లలు బడిలో మాత్రం మొక్కను బొమ్మలో చూడవలసి రావడం విచిత్రం.

2016 అక్టోబరులో చిన్న జిల్లాలుగా విడిపోయిన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో నేలలన్నీ ఒక్క తీరుగా ఉండవు. ఆదిలాబాద్ వైపు విస్తారంగా కనిపించే నల్లరేగడి తడిస్తే బంకగా మారుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. కరీంనగర్ వైపు ఉన్న ఎర్రచెలకలో నీరు త్వరగా ఇంకిపోతుంది. కుండీలో ఈ రెండు చిక్కులనూ సరిదిద్దుకోవచ్చు. రెండు పాళ్ళ మట్టికి ఒక పాలు చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపితే చాలు. రేగడి అయితే ఇసుకను మరికొంత పెంచాలి. కుండీ అడుగున రంధ్రాలు చేసి, మట్టి జారిపోకుండా వాటిపై పెంకు ముక్కలు పరచాలి. గురిగి, పాత బకెట్టు, నూనె డబ్బా, ఏదైనా పనికివస్తుంది. ఒక్క పురుగుమందు డబ్బాను మాత్రం ఎంత కడిగినా వాడరాదు. పత్తి విరివిగా పండే ప్రాంతంలో ఈ హెచ్చరికను పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

బడులు తెరిచే జూన్ నెలలోనే సాధారణంగా నైరుతి రుతుపవనాలు కూడా తెలంగాణలో ప్రవేశిస్తాయి. విత్తడానికి అదే అదను. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు అనుములు, బొబ్బర్లు తగినవి. పెద్ద గింజ కనుక చిన్ని వేళ్ళకు చక్కగా అందుతుంది, కొద్ది రోజులలోనే మొలకెత్తుతుంది. మూడు నుండి అయిదు తరగతుల వారు తోటకూర, మెంతికూర, పాలకూర వేయవచ్చు. ఇవి సుమారు నెలరోజులలో కోతకు వస్తాయి. చలికాలంలో కొత్తిమీర, టమాట బాగా పెరుగుతాయి. వారానికొకసారి మొక్క పొడవును కొలిచి రాసుకుంటే అది గణితం, చూసినదాన్ని రెండు వాక్యాలలో చెబితే అది భాష, మొక్క వెలుగువైపు ఎందుకు వంగిందని అడిగితే అది విజ్ఞానం. కోసిన ఆకుకూర మధ్యాహ్న భోజనంలోని పప్పులో కలిసిననాడు, ఆకుకూరను పక్కకు తీసిపెట్టే పిల్లవాడు సైతం తాను పెంచిన ఆకును రుచి చూడక మానడు.

పిల్లలు చేసే పొరపాటు సాధారణంగా నిర్లక్ష్యం వల్ల కాదు, ప్రేమ వల్ల జరుగుతుంది. వచ్చిన ప్రతిసారీ నీళ్ళు పోస్తారు. మట్టిలో గాలి ఆడక వేరు కుళ్ళిపోతుంది. వేలిని మట్టిలోకి గుచ్చి, తడి తగలనప్పుడే నీళ్ళు పోయాలని నేర్పాలి. అవసరమెంతో తెలుసుకొని చేసేదే నిజమైన సేవ అన్న సత్యం ఆ వేలికొసన బోధపడుతుంది. కుండీ కింది పళ్ళెంలో నిలిచిన నీటిని తరచుగా ఒంపివేయాలి. లేకుంటే దోమలు చేరతాయి.

ఎంత జాగ్రత్త పడినా కొన్ని మొక్కలు ఎండిపోతాయి. పిల్లవాడు బాధపడతాడని, అతడు చూడకముందే ఎండిన మొక్కను తీసివేసి అక్కడ కొత్తదాన్ని నాటే ఉపాధ్యాయుడు దయతోనే ఆ పని చేస్తాడు. కాని దానివల్ల పిల్లవానికి అందవలసిన పాఠం అందకుండా పోతుంది. మొక్కను మెల్లగా పెళ్ళగించి, వేరు నల్లబడిందా, ఎండిందా, పురుగు పట్టిందా అని అతనితో కలిసి చూడాలి. కారణం తెలిసిన తరువాత మరొక విత్తనాన్ని అతని చేతికే ఇవ్వాలి. తప్పును దాచుకోకుండా దిద్దుకొనే ధైర్యం అప్పుడే అలవడుతుంది.

నేలలోని చెట్టు వేరు దూరమైనా పోయి నీటిని వెతుక్కుంటుంది. కుండీలోని మొక్కకు ఆ దారి లేదు. దాని బతుకంతా నీళ్ళు పోసే చేతిమీదే ఆధారపడి ఉంటుంది. నాటిన మొక్కలను లెక్కించడం సులభం, నిలిచిన మొక్కలను లెక్కించడం కష్టం. ఆ తేడా పసితనంలోనే తెలియడానికి కుండీని మించిన సాధనం లేదు. దసరా సెలవులలో కుండీని ఇంటికి తీసుకుపోవచ్చు. వేసవి సెలవులకు ముందే పైరు ముగిసేలా చూసుకొని, ముదిరిన కాయలనుండి విత్తనాలు తీసి, బాగా ఎండబెట్టి దాచవచ్చు. అయిదో తరగతి పిల్లలు బడి విడిచి వెళ్ళేటప్పుడు ఆ విత్తనాలను ఉపాధ్యాయుని చేతికి అప్పగిస్తే, జూన్‌లో కొత్తగా చేరే ఒకటో తరగతి పిల్లలకు అవే తొలి కానుక అవుతాయి.