పరుగిడు గుండె వ్రాసెడి గీత

గుండె రక్తమును తోడిపోయు పంపు వంటిదని మీరు క్రింది తరగతులలోనే చదివియున్నారు. ఆ పంపును నడుపునది ఏది? శరీరమునుండి వేరుచేసిన కప్పగుండె సైతము తగిన ఉప్పుల ద్రావణమున కొంతసేపు తనంతతానే కొట్టుకొనుచుండును. మన గుండెలో కుడి కర్ణిక పైభాగమున సిరాకర్ణికా కణుపు అను చిన్న కండరపు ముద్ద కలదు. 1907వ సంవత్సరమున ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అను ఇరువురు ఇంగ్లండు దేశమున దీనిని వర్ణించిరి. స్వల్పమైన విద్యుత్తు ఇచ్చటనే పుట్టి కర్ణికలకు ప్రాకును. పిమ్మట రెండవ కణుపునొద్ద ఒకింత ఆగి, జఠరికలకు వ్యాపించును. ఆ ఆగుట వ్యర్థము కాదు. కర్ణికలలోని రక్తము జఠరికలలోనికి దిగుటకు అది గడువు.

ఈ విద్యుత్తును చక్కగా గీతగా వ్రాయించినవాడు హాలెండులోని లైడెన్ నగరపు ఆచార్యుడు విలియమ్ ఐంథోవెన్. వెండిపూత గల సన్నని స్ఫటికపు దారమును బలమైన అయస్కాంతపు ధ్రువముల నడుమ బిగించి, దాని కదలికల నీడను ఫోటో తీయించెను. రోగి తన చేతులను, కాలిని ఉప్పునీటి పాత్రలలో ముంచి కూర్చుండవలసి వచ్చెడిది! ఇందులకు ఆయన 1924లో నోబెల్ బహుమానము పొందెను. ఇప్పటి ఇ.సి.జి. గీతలోని అక్షరములు ఆయన ఉంచినవే. పి అనునది కర్ణికలది. క్యు, ఆర్, ఎస్ జఠరికలవి. టి అనునది జఠరికలు మరల సిద్ధమగుటకు గుర్తు.

ఇక పరుగు సంగతి. కణుపును దాని మానాన విడిచినచో నిమిషమునకు సుమారు నూరు మారులు విద్యుత్తును పంపును. అయినను విశ్రాంతిగానున్న మనిషి గుండె డెబ్బది, ఎనుబది మారులే కొట్టుకొనును. మెదడునుండి దిగివచ్చు వేగస్ నాడి కళ్లెమువలె దానిని పట్టియుంచుటయే కారణము. మీరు పరుగెత్తుట మొదలిడగానే ముందు ఆ కళ్లెము సడలును. తరువాత సహానుభూత నాడులును, రక్తములోని ఎడ్రినలిన్‌ను కొరడావలె పనిచేయును.

నిమిషమునకు 75 కొట్టుకొనునపుడు ఒక్కొక్క స్పందనకు 0.8 సెకను పట్టును. 180 అయినపుడు మిగులునది సెకనులో మూడవవంతే. ఈ కాలము ఎచ్చట మిగిలినది? గీతను చూచినచో తెలియును. పి మొదలు క్యు వరకు గల ఎడము కొంచెము తగ్గును, క్యు మొదలు టి చివర వరకు గలదియు తగ్గును. కాని ముఖ్యముగా కరగిపోవునది టి తరువాతి ఖాళీ. మిక్కిలి వేగమున తరువాతి పి వచ్చి ముందరి టి మీదనే ఎక్కును. ఆ ఖాళీయే గుండెకు విశ్రాంతి, భోజనసమయము కూడ. ఏలయన ఎడమ జఠరిక కండరమునకు రక్తము అధికముగా అందునది అది సడలియున్నపుడే. పని పెరిగినపుడే భోజనమునకు వ్యవధి తరుగుట ఎంత చిత్రము!

ఆరోగ్యవంతునకు గుండె రక్తనాళములు విప్పారి ఈ లోటును తీర్చును. అవి ఇరుకైనవానికి తీర్చలేవు. అపుడు ఎస్ నుండి టి వరకు గల గీత తన మట్టమునుండి క్రిందికి దిగి నిలుచును. పడుకొన్నపుడు నిర్దోషముగా కనబడిన గీత నడచునపుడు ఇట్లు రహస్యము వెల్లడించవచ్చును. అందువలననే వైద్యులు ట్రెడ్‌మిల్లు అను యంత్రముపై రోగిని నడిపింతురు. మూడేసి నిమిషములకు వేగమును, ఏటవాలును పెంచు పద్ధతిని అమెరికా వైద్యుడు రాబర్ట్ బ్రూస్ 1963లో ప్రకటించెను. నేటికిని అది విరివిగా వాడబడుచున్నది. ఆ దిగుడు ప్రతిది వ్యాధియే కాదు, కావున వైద్యులు ఇతర పరీక్షలతో పోల్చి చూతురు.

యంత్రము ఆగినను తీగలు తీయరు. కొందరిలో దోషము ఆ పిమ్మటనే కనబడును. పరుగు ఆపిన తొలి నిమిషమున వేగస్ మరల కళ్లెము బిగించుటచే వేగము చురుకుగా పడిపోవును. ఎడ్రినలిన్ రక్తమున ఇంకను తిరుగుచుండుటచే పూర్వస్థితికి వచ్చుటకు మరికొన్ని నిమిషములు పట్టును. తొలి నిమిషమున పన్నెండు స్పందనలైనను మించి తగ్గనివారిలో తరువాతి ఆరేండ్లలో మరణములు హెచ్చుగా నుండెనని 1999లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధన తెలిపెను.

డ్రిల్లు మాస్టరుగారు పందెపు గీత దాటినవారిని నిలువనీయక నడిపించుట మీరెరుగుదురు. కదలుచున్న కాలికండరములు సిరలను పిండి రక్తమును పైకి నెట్టును. చటుక్కున నిలిచినచో రక్తము కాళ్లలోనే చిక్కి, మెదడునకు చాలక కండ్లు తిరుగును.

కుతూహలము గలవారు మణికట్టునొద్ద నాడిని పదునైదు సెకనులు లెక్కించి, నాలుగుచే హెచ్చింపుడు. కొంత పరుగెత్తిన వెంటనే ఒకమారు, మెల్లగా నడచుచు ఒక నిమిషము గడచిన పిదప మరొకమారు లెక్కింపుడు. చూపుడువ్రేలును, నడిమివ్రేలును మాత్రమే ఆనింపవలెను. బొటనవ్రేలిలోనే నాడి కొట్టుకొనుచుండును గనుక లెక్క తప్పును.